కమ్మరి నాలుగో కత్తి ఎందుకు చేయలేదు?

ఫాంటసీ కథల్లో మంత్రబలంతో తయారయ్యే ఆయుధాల గురించి ఇటీవల మాకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్ని నవలలు రాస్తున్నవారివి, కొన్ని చదివేవారివి. ఒకే సందేహం ఉన్న ఉత్తరాలను కలిపి, ఆరు ప్రశ్నలుగా చేసి ఇక్కడ జవాబులిస్తున్నాము.

ప్రశ్న: నేను రాస్తున్న నవలలో మంత్రాలతో కొట్టిన కత్తులు లోకం మొత్తం మీద మూడే ఉన్నాయి. రాతప్రతి చదివిన స్నేహితురాలు, "మూడు చేసినవాడు నాలుగోది ఎందుకు చేయలేదు?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఇలాంటి ఆయుధాలు ఒక కథలో ఎన్ని ఉంటే నమ్మేలా ఉంటుంది?

జవాబు: మీ స్నేహితురాలి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఇలాంటి కథలకు ఆయువుపట్టు అదే. మూడు అన్న అంకెలో దోషమేమీ లేదు. మీరు ముప్పై అని రాసి ఉంటే ఆవిడ ముప్పై ఒకటోది ఏదని అడిగేవారు. ఒక వస్తువు అరుదైనదని నమ్మడానికి పాఠకుడికి లెక్క అక్కర్లేదు, అడ్డంకి కావాలి. చేయించుకోవడానికి ధనమున్న రాజులున్నారు, చేయగలిగిన చేయి ఉంది, చేస్తే యుద్ధం గెలవవచ్చని అందరికీ తెలుసు. అయినా ఆ కొలిమి ఎందుకు చల్లారిపోయిందో మీరు చెప్పాలి. ఆయుధం ఎంత ఉపయోగపడేదైతే ఈ సంజాయిషీ అంత గట్టిగా ఉండాలి. పనికిరాని వస్తువు లోకంలో ఒక్కటే ఉందంటే ఎవరూ పట్టించుకోరు; రాజ్యాలను గెలిపించే వస్తువు ఒక్కటే ఉందంటే ప్రతి పాఠకుడూ అనుమానంగా చూస్తాడు.

అడ్డంకి ముడిసరుకులో ఉండవచ్చు. దీనికి నిజమైన చరిత్రలోనే మంచి ఉదాహరణలున్నాయి. ఈజిప్టు రాజు టూటన్‌ఖామెన్ మమ్మీతో పాటు దొరికిన ఇనుప బాకును 2016లో ఎక్స్‌కిరణాలతో పరీక్షించినప్పుడు అందులో సుమారు 11 శాతం నికెల్ ఉందని, ఆ ఇనుము ఉల్క నుంచి వచ్చిందని తేలింది. ఖనిజం నుంచి ఇనుము తీయడం ఇంకా విరివిగా సాగని కాలంలో ఆకాశం నుంచి రాలినదే ఇనుము. బంగారం రాసులుగా ఉన్న సమాధిలో ఆ బాకుకు చోటు దొరకడం అందుకే. ఇంకా రుచికరమైనది జహంగీర్ చక్రవర్తి తన ఆత్మకథలో రాసుకున్న సంగతి. 1621లో జలంధర్ ప్రాంతంలో ఉల్క పడితే, నేల తవ్వించి ఆ ముద్దను తెప్పించి, ఆయుధాలు చేయమని కమ్మరికి ఇచ్చాడు. సుత్తి పడగానే అది ముక్కలైపోయింది. చివరకు మూడు పాళ్ళు ఆకాశపు ఇనుముకు ఒక పాలు మామూలు ఇనుము కలిపితేగానీ దాగలి మీద నిలబడలేదు. అలా చేసిన వాటిలో ఒక కత్తి ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో ఉంది. ఎంత దివ్యమైన లోహమైనా నాలుగో వంతు మామూలు ఇనుము లేనిదే కత్తి కాలేకపోయిందన్న ఈ ఒక్క సంగతి, కల్పించి రాసిన ఎన్నో కొలిమి వర్ణనలకన్నా నాకు ఎక్కువ మంత్రమయంగా తోస్తుంది.

అడ్డంకి విద్యలోనూ ఉండవచ్చు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 1996లో మొదలుపెట్టిన నవలల వరుసలో వలీరియా అనే నాగరికత నశించడంతో దాని ఉక్కు చేసే విద్య కూడా పోయింది. ఉన్న కత్తిని కరిగించి మళ్ళీ మలచగలిగేవారు కొద్దిమంది మిగిలారు గానీ కొత్తది పుట్టించేవారు లేరు. అక్కడ నాకు నచ్చే వివరం కత్తుల పదును గురించినది కాదు. ఆ లోకంలో అందరికన్నా ధనవంతుడైన ప్రభువు, చితికిపోయిన చిన్న వంశాలవారి దగ్గర అలాంటి కత్తి కొనాలని మూడుసార్లు ప్రయత్నించి భంగపడతాడు. అప్పుల్లో ఉన్నవాడు కూడా అమ్మడానికి ఒప్పుకోలేదంటే, అది ఎంత అరుదో ఇక విడిగా చెప్పనక్కర్లేదు. ఇలాంటి విద్యానాశం కట్టుకథ కూడా కాదు. ఊట్జ్ అనే మూస ఉక్కు మీద నీటి అలల్లాంటి చారలు తేలేవి; ఆ పేరు మన "ఉక్కు" అన్న మాట నుంచే వచ్చిందని ఎక్కువమంది అంటారు. దాని రహస్యం పట్టుకుందామని 1819 ప్రాంతంలో మైకేల్ ఫారడే ప్రయోగాలు చేశారు. కమ్మరి కొడుకైన ఆ శాస్త్రవేత్తకు కూడా అది పూర్తిగా చిక్కలేదు. ఖనిజంలో లేశమాత్రంగా ఉండే వనేడియం వంటి మలినాలే ఆ చారలకు కారణమని 1990లలో పరిశోధకులు చూపించారు. అంటే తన సరుకులో ఏది ముఖ్యమో ఆ పని చేసిన కమ్మరికే తెలిసి ఉండకపోవచ్చు. గని మారితే చాలు, చేతిలో విద్య అలాగే ఉన్నా ఫలితం రాదు. మీ మూడు కత్తుల కమ్మరి నాలుగోదానికి కూర్చుని, అదే మంత్రం చదివి, అదే సుత్తి పట్టి, ఎందుకు కుదరడం లేదో తెలియక కుమిలిపోవడం రాస్తే, మీ స్నేహితురాలు మళ్ళీ ఆ ప్రశ్న అడగరని నా నమ్మకం.

ఇక మూడో రకం అడ్డంకి మూల్యం. వజ్రాయుధం తయారు కావడానికి దధీచి మహర్షి ప్రాణం విడిచి ఎముకలు ఇవ్వవలసి వచ్చింది. ఇంకో వజ్రం కావాలంటే ఇంకో దధీచి కావాలి. నా వరకు నేను ఈ రకాన్నే పైన పెడతాను. ముడిసరుకు, విద్య కథకు బయట ఉండే కారణాలు, మూల్యం మాత్రం పాత్రల మీద పడుతుంది. దీన్ని రాసేటప్పుడు చాలామంది రక్తం, బలి అంటూ ఆర్భాటానికి పోతారు. అంత అవసరం లేదు. కత్తి చేయడంలోనే గుండె ఆగే క్షణం ఒకటి ఉంది. అయస్కాంతానికి అంటుకోనంతగా కాగి ఎర్రబడిన కత్తిని పట్టకారుతో తీసి నూనెలో ముంచుతారు. అప్పటిదాకా కొట్టిన ప్రతి దెబ్బకూ ఆ కొన్ని క్షణాల్లోనే తీర్పు వస్తుంది. కమ్మరి ఊపిరి బిగబట్టి ఆ నూనె మీదికి చెవి వంచుతాడు. లోపల నుంచి "టిక్" మని సన్నటి చప్పుడు వచ్చిందా, వాదర పగిలిందన్న మాట, రోజుల తరబడి పడ్డ శ్రమ వృథా. మీ కమ్మరి మంత్రానికి చెల్లించే మూల్యాన్ని అక్కడ పెట్టండి. ఆ చప్పుడు వినగలిగిన చెవినే అతను మూడో కత్తికి ఇచ్చేసి ఉంటే, నాలుగోది ఇక అతని చేతుల మీదుగా రాదు.

ప్రశ్న: నా కథానాయిక ఖడ్గం దేన్నైనా కోస్తుంది. మొదటి రెండు పోరాటాలు బాగానే వచ్చాయి. మూడోదాని నుంచి రాస్తున్న నాకే విసుగు పుడుతోంది. ఖడ్గాన్ని పోగొట్టడం తప్ప వేరే దారి లేదా?

జవాబు: పోగొట్టవచ్చు గానీ, దొరికిన ప్రతిసారీ పోగొట్టవలసి వస్తే అది మీకే ఇబ్బంది. చిక్కు ఖడ్గం బలంలో లేదు, "దేన్నైనా" అన్న మాటలో ఉంది. అన్ని తాళాలూ తీసే తాళంచెవి చేతిలో ఉన్నప్పుడు తలుపుల దగ్గర ఉత్కంఠ ఏముంటుంది? ఒకే తాళానికి పట్టే చెవిని ఇచ్చి, ఆ తాళం ఎక్కడుందో చెప్పకుండా దాచి చూడండి.

టోల్కీన్ "లార్డ్ ఆఫ్ ద రింగ్స్"లో ఇది అద్భుతంగా కుదిరింది. కథ మొదట్లో ఒక పాత సమాధి దిబ్బ నుంచి హాబిట్‌లు అనే పొట్టి జాతివారు నలుగురికి నాలుగు పొట్టి కత్తులు దొరుకుతాయి. వందల పేజీల పాటు అవి మామూలు కత్తుల్లాగే ఉంటాయి. పాఠకుడు వాటిని దాదాపు మరిచిపోతాడు కూడా. 1955లో వచ్చిన మూడో సంపుటంలో, ఏ వీరుడూ ఎదుర్కోలేకపోయిన మాంత్రిక రాజు మోకాలి వెనుక మెర్రీ అనే హాబిట్ ఆ కత్తితో పొడుస్తాడు. ఆ కత్తిని ఎన్నో శతాబ్దాల కిందట కొట్టినవారు సరిగ్గా ఆ రాజుతోనే పోరాడుతున్నవారు, అందులోని మంత్రం అతన్ని ఉద్దేశించినదే. మరే కత్తీ, ఎంత బలవంతుడి చేతిలో ఉన్నా, అంతటి గాయం చేసి ఉండేది కాదని రచయితే చెబుతారు. పని కాగానే కత్తి పొగలు కక్కుతూ ఎండుకొమ్మలా కాలిపోతుంది. జీవితకాలంలో ఒక్క పోటుకు మాత్రమే పనికివచ్చిన ఆయుధం అది. అయినా దాన్ని పనికిమాలినదని ఎవరూ అనరు.

దీనికి ఎదురు ఉదాహరణ పాత ఇంగ్లీషు కావ్యం "బేవుల్ఫ్"లో ఉంది. హ్రుంటింగ్ అనే పేరున్న కత్తి అంతవరకు ఏ యుద్ధంలోనూ యజమాని పరువు తీయలేదు. నీటి అడుగున రాక్షసి మీద వేటు వేసేసరికి అది తెగనే తెగదు. కథానాయకుడు దాన్ని విసిరేసి, గుహ గోడకు వేలాడుతున్న రాక్షసకాలపు పెద్ద కత్తిని అందుకుని ఆమెను చంపుతాడు. ఆ తర్వాత ఆ కత్తి అలుగు కూడా శత్రువు నెత్తుటి వేడికి మంచుముక్కలా కరిగిపోయి పిడి మాత్రం చేతిలో మిగులుతుంది. పేరుపడ్డ ఆయుధం ఒకసారి విఫలం కావడం చూశాక, పాఠకుడు ఆ పైన ఏ ఆయుధాన్నీ గుడ్డిగా నమ్మడు. మీ మూడో పోరాటానికి కావలసింది ఆ అపనమ్మకమే.

ఉపయోగం అంటే నరకడమే అనుకోవడం ఇంకో పొరపాటు. టోల్కీన్ కథల్లోనే స్టింగ్ అనే చిన్న కత్తి శత్రువులైన ఆర్క్‌లు దగ్గరికి వస్తే నీలంగా వెలుగుతుంది. అది దాదాపు కావలి కుక్క చేసే పని, కానీ చీకటి సొరంగంలో ఆ పని విలువ నూరు తలలు నరికే పదునుకు ఉండదు. టామస్ మాలరీ రాయగా 1485లో అచ్చయిన ఆర్థర్ రాజు కథల్లో మెర్లిన్, "కత్తి నచ్చిందా, ఒర నచ్చిందా?" అని రాజును అడుగుతాడు. రాజు కత్తి అంటాడు. ఒర పది కత్తుల పెట్టు, అది ఒంటి మీద ఉన్నంతసేపు ఎంత గాయమైనా నెత్తురు చుక్క పోదు అని మెర్లిన్ తెలియజేస్తాడు. తర్వాత రాజు సోదరి ఆ ఒరను దొంగిలించి చెరువులో పారేస్తుంది. కత్తి రాజు దగ్గరే ఉంటుంది, కానీ అతను ఇక చావుకు అందే మనిషి. మీరు ఖడ్గాన్ని పోగొట్టాలా అని అడిగారు కదా. ఖడ్గాన్ని ఉంచి ఒరను పోగొట్టండి.

మనవాళ్ళలో ఈ కిటుకును వ్యాసుడి కంటే బాగా వాడినవారు నాకు కనిపించరు. కవచకుండలాలు ఇచ్చి కర్ణుడు ఇంద్రుడి దగ్గర పుచ్చుకున్న శక్తి ఒక్కసారే పనిచేస్తుంది, ఒక్కరినే చంపుతుంది. దాన్ని అర్జునుడి కోసం దాచుకోవడమే అతని వ్యూహమంతా. రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు సేనను ఊచకోత కోస్తుంటే, కౌరవులంతా మొత్తుకోగా, విధిలేక అతని మీద విడుస్తాడు. కర్ణుడు గురి తప్పలేదు, ఆయుధమూ తన పని తాను చేసింది, శత్రువు కూలాడు. ఓడిపోయింది మాత్రం కర్ణుడే. అటు సొంత పక్షం వీరుడు నేలకొరిగితే కృష్ణుడు ఆనందంతో గంతులు వేయడం పాండవులకు కూడా అర్థం కాలేదు. ఒక ఆయుధం గొప్పగా పనిచేయడమే నష్టంగా మారే ఇలాంటి ఘట్టం ఒక్కటి మీ నవలలో ఉంటే, పోరాటాల సంఖ్య సగానికి తగ్గించుకోవచ్చు.

ప్రశ్న: మంత్రాయుధానికి శాపం తప్పనిసరిగా ఉండాలా?

జవాబు: అక్కర్లేదు. నార్స్ గాథల్లో టిర్‌ఫింగ్ అనే కత్తి ఒర నుంచి బయటికి వస్తే ఒక మనిషి ప్రాణం తీయకుండా తిరిగి వెళ్ళదు. ఆ శాపం పెట్టినవారు దాన్ని బలవంతంగా చేయవలసి వచ్చిన మరుగుజ్జులే కాబట్టి అక్కడ శాపానికి న్యాయం ఉంది. కారణం లేకుండా, కత్తి మరీ బలమైనది కాబట్టి ఒక శాపం తగిలిద్దామని పెట్టేది మాత్రం తూకం రాళ్ళలాగే కనిపిస్తుంది. శాపం కంటే తయారీలోపం చాలాసార్లు బాగుంటుంది. 13వ శతాబ్దంలో స్నోరి స్టుర్లుసన్ రాసిన గాథలో, థోర్ సుత్తిని కొలిమిలో పెట్టి ఒక మరుగుజ్జు తిత్తులు ఊదుతుండగా, పందెం చెడగొట్టడానికి "లోకి" అనే మాయావి దేవుడు ఈగ రూపంలో వచ్చి అతని కనురెప్ప మీద కుడతాడు. నెత్తురు కంట్లోకి దిగితే అతను ఒక్క క్షణం తిత్తి వదిలి కన్ను తుడుచుకుంటాడు. అందువల్ల సుత్తికి పిడి పొట్టిదైంది. అయినా దేవతలు అన్నిటికన్నా మేలైనది అదేనని తీర్పు చెప్పారు.

ప్రశ్న: కంప్యూటర్ ఆటల్లో ప్రతి పెట్టెలోనూ ఒక మంత్రఖడ్గం దొరుకుతుంది. ఆడేటప్పుడు అది బాగానే ఉంటుంది. నవలలో అలా రాస్తే ఎందుకు తేలిపోతుంది?

జవాబు: ఆటలో ఖడ్గం ఆడేవారికి ఇచ్చే జీతం వంటిది. 1974లో వచ్చిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్" మంత్రఖడ్గాల బలాన్ని ప్లస్ ఒకటి, ప్లస్ రెండు అంటూ అంకెల్లో కొలవడం అలవాటు చేసింది. తర్వాతి ఆటలు చాలావరకు ఆ బాటే పట్టాయి. ఆడేవారు గంటల తరబడి శ్రమ పడతారు కాబట్టి ఆ శ్రమకు ఎప్పటికప్పుడు ఏదో ఒకటి ముట్టాలి, నిన్నటి కత్తి ఈరోజు పాతబడాలి. నవల చదివేవారు పెట్టెను తెరవరు, మరొకరు తెరుస్తుంటే చూస్తారు; వారికి ముట్టేది ఆ పాత్ర బతుకులో వచ్చిన మార్పే. రెండో కత్తి దొరకగానే మొదటిదాన్ని పక్కన పడేసే పాత్ర పాఠకుడికి పాత సామాను అమ్మేవాడిలా కనిపిస్తాడు. ఆటల తప్పు ఇందులో ఏమీ లేదు, రెండు కళల లెక్కలు వేరు.

ప్రశ్న: ఇంత అరుదైన వస్తువులకు నకిలీలు కూడా ఉండాలి కదా? కథల్లో అవి అంతగా కనిపించవెందుకు?

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. రచయితలు ఈ గనిని ఎక్కువగా తవ్వలేదు. సుమారు 9వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం దాకా యూరప్‌లో అలుగు మీద "ఉల్ఫ్‌బెర్ట్" అన్న పేరు పొదిగిన కత్తులు ఉండేవి. ఇప్పటికి 170 దాకా దొరికాయి. కొన్ని ఆ కాలానికి ఆశ్చర్యం కలిగించేంత మేలైన ఉక్కుతో చేసినవి. మరికొన్నిటి మీద అదే పేరు, కాస్త మారిన అక్షరక్రమంతో ఉంటుంది, లోపలి లోహం నాసిరకం. కొన్నవాడు అక్షరాలు లెక్కపెట్టి చూసుకోకపోతే ఆ సంగతి అతనికి యుద్ధంలోనే తెలుస్తుంది. మంత్రఖడ్గానికైతే ఈ ఇరకాటం ఇంకా పెద్దది: ఒక్కసారే పనిచేసే కత్తిని పరీక్షించి కొనడం ఎలా? తాతల నాటి ఖడ్గాన్ని పూజలో పెట్టి, దాని పేరు చెప్పుకుని పొరుగువారిని భయపెడుతూ వస్తున్న ఒక రాజవంశానికి, అది నకిలీ అని సానపట్టేవాడు చెప్పాడనుకోండి. శత్రువులు మాత్రం ఇంకా భయపడుతూనే ఉన్నారు. ఆ కత్తి ఉపయోగపడుతున్నట్టా, లేనట్టా? దీని మీద ఎవరైనా కథ రాస్తే మాకు పంపండి, చదవాలని ఉంది.

ప్రశ్న: కథ ముగిసిన తర్వాత ఆయుధాన్ని ఏం చేయాలో తెలియడం లేదు. నా నాయకుడు గెలిచాడు, ఖడ్గం ఇంకా అతని నడుముకే ఉంది. అలా వదిలేస్తే అసంపూర్ణంగా అనిపిస్తోంది, విరిచేస్తే నాటకీయంగా ఉంది.

జవాబు: విరవడం తేలిక, అందుకే అందరూ విరుస్తారు. మీకు అసంపూర్ణంగా అనిపించడానికి కారణం, అవసరం తీరినా ఆయుధం బలం తగ్గకపోవడం. భారతంలో గాండీవానికి జరిగినది ఒకసారి గుర్తు చేసుకోండి. కృష్ణుడు వెళ్ళిపోయాక, ద్వారక స్త్రీలను వెంటబెట్టుకుని వస్తున్న అర్జునుడి మీద దొంగలు పడతారు. వారిలో పేరున్న వీరుడు ఒక్కడూ లేడు, చేతుల్లో ఉన్నవి కర్రలు. అర్జునుడికి వింటి నారి ఎక్కించడమే ప్రాణాంతకమవుతుంది. దివ్యాస్త్రాలు ఎంత తలచుకున్నా గుర్తుకు రావు. ఎన్నటికీ తరగవన్న బాణాలు అయిపోతాయి. చివరకు ఆ మహావీరుడు గాండీవం కొనలతో దొంగలను బాదుతాడు. ఆయుధం విరగలేదు, చెక్కుచెదరలేదు కూడా, దుడ్డుకర్రగా మారింది.

అంత జరిగినా అతను దాన్ని వదల్లేదు. మహాప్రస్థానానికి నారబట్టలు కట్టుకుని, రాజ్యం, సంపద, బంధువులు అన్నీ విడిచి బయలుదేరినప్పుడు కూడా గాండీవాన్ని, రెండు అమ్ములపొదులను మోసుకుంటూనే వెళ్ళాడు. రత్నం మీది లోభం వల్ల అని మూలంలో ఒక్క మాటలో ఉంది. దారిలో అగ్నిదేవుడు కొండలా అడ్డుగా నిలబడి, ఖాండవ దహనం కోసం వరుణుడి దగ్గర తానే తెచ్చి ఇచ్చిన వింటిని తిరిగి వరుణుడికే ఇచ్చేయమంటాడు. అన్నదమ్ములు కూడా చెప్పాక అర్జునుడు దాన్ని నీళ్ళలోకి విసిరేస్తాడు. మీ నాయకుడి నడుముకు ఉన్న ఖడ్గం ఎవరిదో, అతనికి అది ఎవరి ద్వారా వచ్చిందో మీ మొదటి అధ్యాయంలో ఎక్కడో రాసే ఉంటారు. ఆ పేజీ తీసి, వారిని అతని ఇంటి గుమ్మం ముందుకు తీసుకురండి.